చేతిగుర్తులు చెరపని మరమ్మతు

తెలుగునాట మూడు నాలుగు తరములుగా నిలిచియున్న యే యింట చూచినను, అటకమీదనో, వంటయింటి మూలనో, భోషాణము అడుగుననో, నేడెవ్వరును వాడనివియు, అట్లని పారవేయుటకు ఎవ్వరికిని మనసొప్పనివియు నైన వస్తువులు కొన్ని తప్పక కనబడును. సారెతో వచ్చిన ఇత్తడి బిందె, ఎఱ్ఱగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట, మడతల వెంబడి చిట్లుచున్న పట్టుచీర, మెట్లు కదలిన వీణ, అద్దమునకు అంటుకొనిపోయిన పెండ్లి ఫోటో, తాతగారి చేతికఱ్ఱ, అమ్మమ్మ కుంకుమభరిణ - వీనిలో పెక్కింటిని బజారునకు కొనిపోయినచో తూకమునకు వచ్చు వెలయే గాని అంతకు మించి రాదు. అయినను ఇల్లు మారినపుడెల్ల ఇవి బండి యెక్కుచునే యుండును. అన్నదమ్ములు వేఱుపడునపుడు పొలము గట్టు విషయమున రాని పట్టుదల ఒక్కొక్కప్పుడు ఒక కంచుగిన్నె విషయమున వచ్చును. ఆ గిన్నెలో అన్నము కలిపి పెట్టిన చేయి మఱల రాదనియు, ఆ చేతికి మిగిలిన సాక్ష్యము ఆ గిన్నె యొక్కటే యనియు ఎఱిగినవారికి ఆ పట్టుదల లోభముగా తోపదు.

ఇట్టి వస్తువులు రెండు విధములుగా నశించుచున్నవి. చెదలు, చెమ్మ, కిలుము, ఎలుక, ఎండ - ఇవి కాలము చేయు నష్టము. రెండవ నష్టము మనము ప్రేమతో చేయించు మరమ్మతు వలన కలుగుచున్నది. ప్రాత బిందెను యంత్రముపై మెఱుగు పెట్టించుట, చినిగిన దస్తావేజునకు ప్లాస్టికు పొర వేయించుట, చెక్కడపు టేకు తలుపునకు దట్టముగా రంగు పులుముట, మాసిన ఫోటోకు కంప్యూటరుతో లేని రంగులు కల్పించుట, ఇవన్నియు సదుద్దేశముతో జరుగు పనులే. మొదటి నష్టము కంటికి కనబడును; రెండవది తళతళల వెనుక దాగియుండి, తిరిగి సవరించుటకు వీలులేని దశకు చేరిన పిమ్మట గాని తెలియదు.

మన దేవాలయములలో జీర్ణోద్ధరణము చేయు పద్ధతి ఈ సందర్భమున స్మరింపదగినది. గర్భాలయమును బాగుచేయ పూనుకొనునపుడు మూలమూర్తియందలి కళను కలశమునకు ఆకర్షించి, బాలాలయమున నిలిపి పూజలు సాగించి, పని ముగిసిన పిదప తిరిగి మూలమూర్తియందే నెలకొల్పుదురు. కప్పు మారవచ్చును, గోడ మారవచ్చును, గచ్చు మారవచ్చును. ఏ కళను నిలుపుటకై ఈ యత్నమంతయు జరుగుచున్నదో అది మాత్రము చెక్కుచెదరరాదు. ఇంటి వస్తువులకును ఇదే ధర్మము వర్తించును. వానిలోని కళ, వానిని వాడిన చేతుల గుర్తులే. ఆ గుర్తులు చెరగకుండ, ఆ వస్తువు మఱియొక తరమునకు పనికివచ్చునట్లు నిలుపుటయే మంచి మరమ్మతు.

పేరు కొట్టించిన పాత్రలు

పెండ్లికో, సీమంతమునకో, గృహప్రవేశమునకో పాత్రను కానుకగా నిచ్చునపుడు దానిపై పేరు కొట్టించి యిచ్చుట తెలుగువారి చిరకాలపు ఆచారము. పాత్రల దుకాణము అరుగుమీద చిన్న ఉలియు సుత్తియు పట్టుకొని కూర్చుండిన పనివాడు, చుక్క ప్రక్కన చుక్కగా లోహమును గ్రుచ్చుచు, ఇచ్చువారి యింటిపేరును, పుచ్చుకొనువారి పేరును, ఊరిని, తేదిని అంచు క్రింద అమర్చెడివాడు. కంటికి సరిగా ఆనని ఆ చుక్కల అక్షరములు వ్రేలితో తడవి చూచిన చక్కగా తెలియును. ప్రాత భూమి దస్తావేజులలో చాలవఱకు పురుషుల పేర్లే యుండును. ఆ యిండ్ల స్త్రీల పేర్లు, వారి పుట్టినిండ్ల జాడలు, వారి పెండ్లి జరిగిన సంవత్సరములు మిగిలియున్న చోటు పెక్కు కుటుంబములలో ఈ పాత్రల అంచులే. ముత్తవ్వ పేరు ఏమని మనుమరాలు అడిగినపుడు ఇంటిలో ఎవ్వరును చెప్పలేకపోయినను, అటకమీది గంగాళము చెప్పగలదు.

ఇట్టి పాత్రను మెఱుగు పెట్టు యంత్రమునకు అప్పగించినచో, మిక్కిలి వేగముగా తిరుగు గుడ్డచక్రము, దానికి పూసిన రాపిడి మైనముతో గూడ, కిలుముతో పాటు లోహపు పైపొరను కొంత హరించును. ఒకటి రెండు మార్లు ఇట్లు జరుగగా చుక్కలు పలుచనై, అక్షరములు కలిసిపోయి, పాత్ర బంగారమువలె మెఱయును గాని మూగది యగును. కావున పాత్రను ఎవ్వరి చేతికిచ్చుటకైనను ముందు ఆ అక్షరములపై పలుచని కాగితము పఱచి, మెత్తని పెన్సిలును అడ్డముగా పట్టి రుద్ది, అచ్చు తీసికొనవలెను. శాసనపరిశోధకులు శిలలపై తడికాగితము పఱచి, సిరా అద్ది నకళ్లు తీయు పద్ధతికి ఇది ఇంటిరూపము. పిమ్మట పనివానికి ఆ చోటు చూపి, యంత్రము తగులనీయవలదని స్పష్టముగా చెప్పవలెను.

ఇంటిలో తోముటకు చింతపండును మించినది లేదని పెద్దలు చెప్పు మాట యథార్థమే. అందలి పులుపు రాగి, ఇత్తడులపై పేరుకొన్న మకిలిని కరగించును. అయితే ప్రతి తోమకముతోను లోహము కొంచెము కొంచెముగా అరుగుచునే యుండును గనుక, నిత్యము వాడు పాత్రకు ఇది తగును గాని, జ్ఞాపకార్థము దాచుకొన్నదానికి మెత్తని పొడిబట్టతో తుడుచుటయే చాలును. తోమిన పిదప పులుపు ఏ మాత్రము మిగులకుండ కడిగి, తడి ఆర్పవలెను. సముద్రతీరపు ఊళ్లలోని ప్రాత కంచు విగ్రహములపైనను గిన్నెలపైనను లేత ఆకుపచ్చని పొడి మచ్చలుగా పుట్టి వ్యాపించుచున్నచో, ఉప్పుగాలి లోహములో ప్రవేశించి లోలోపల తినివేయుచున్నదని గ్రహించి, తోముట మానివేసి నిపుణునికి చూపవలెను. కంచు పెళుసు లోహము. పగులు పట్టినదానిని తెలియనివారు నిప్పుపై కాచి అతుకబోయిన ఆ పగులు ఇంకను సాగును. పెంబర్తి, బుడితి, తణుకు చేరువనున్న అజ్జరము వంటి చోట్ల ఇత్తడి, కంచు పనులయందు తరతరముల నేర్పు గల కుటుంబములు నేటికిని కలవు. విఱిగిన పిడి, ఊడిన అడుగు, సొట్టపడిన పొట్ట, ఇట్టివి వారికి తెలిసిన విద్యలే.

వీధిలోని కొలిమి

మఱుగున పడుచున్న మరమ్మతులలో కళాయి ఒకటి. రాగి, ఇత్తడి పాత్రలలో చారు, పులుసు వంటి పుల్లని పదార్థములు వండినచో పులుపు లోహముతో కలిసి వంటను చెఱచును, దేహమునకు హాని చేయును. తగరపు పూతకు పులుపు వలన అట్టి వికారము కలుగదు. అందుచే వంటపాత్రల లోపల తగరము పూయించుట అనివార్యమై, కళాయివాని కేక వీధి వీధినా వినబడెడిది.

ఆ పనిని దగ్గఱగా చూచినవారు మఱువలేరు. అతడు చెట్టునీడన చిన్న గుంట త్రవ్వి, బొగ్గులు పేర్చి, తోలుతిత్తితో గాలి ఊదును. పాత్రను ఇసుకతోనో, ఆమ్లముతోనో శుభ్రముగా తోమి, పట్టకారుతో నిప్పులపై త్రిప్పుచు కాచును. తగినంత వేడెక్కినదని రంగును బట్టి గ్రహించి నవాసాగరపు పొడి చల్లగానే తెల్లని పొగ గుప్పున లేచును. ఆ పొడి లోహము మీది మకిలిపొరను తొలగించి తగరము పట్టుటకు చోటు కల్పించును. వెంటనే తగరపు కడ్డీని లోపల తాకించును. రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడి కావలసియుండగా తగరము 232 డిగ్రీలకే కరగును గనుక, పాత్రకు హాని లేకుండ తగరము నీరై పాఱును. దూదిముద్దతో దానిని అంచుల వఱకు రెండు మూడు చుట్లలో పూసి, పాత్రను నీట ముంచగా బుస్సుమని ధ్వని వచ్చును. నల్లని కడుపుతో వచ్చిన గిన్నె వెండివలె మెఱయుచు బయటికి వచ్చును.

ఈ పనిలో లోహమునకు నష్టము మిక్కిలి తక్కువ. పూత అరిగినపుడు మఱల పూయించుకొనవచ్చును. పాత్ర వెలుపలి అక్షరములు, సొట్టలు, పిడి అరుగుదల యథాతథముగా నుండును. మంచి మరమ్మతునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట అరుదు. ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము: సీసము కలిసిన లోహము విషము గనుక, అతుకులకు వాడు కడ్డీతో గాక స్వచ్ఛమైన తగరముతోనే పూయుమని అడిగి, కడ్డీని చూచి మఱి పని ఒప్పగింపవలెను.

తాటాకులు, కాగితములు

ఇంటి అటకలకు తెలుగు సాహిత్యము ఎంత ఋణపడియున్నదో చెప్పుటకు మాటలు చాలవు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, పండితులను తన సొంత వ్యయముతో పోషించి, ఊరూర తిరిగి తాళపత్ర ప్రతులు సేకరింపజేసి, పాఠములు సరిపోల్చి వ్రాయించినాడు. మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించువఱకు నన్నెచోడుని కుమారసంభవమును గూర్చి పండితలోకమునకు దాదాపుగా తెలియదు. 1869లో ఏర్పడిన మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునందును, తంజావూరు సరస్వతీ మహలునందును, తిరుపతి, హైదరాబాదుల లిఖిత గ్రంథాలయములందును నేడు భద్రముగా నున్న ప్రతులలో ఎన్నియో ఒకప్పుడు ఏదో యొక యింటి దేవునిగదిలో ఎఱ్ఱగుడ్డ మూటగా నుండినవే. చదువ నేర్చినవారు ఇంటిలో లేకపోవుటచే, పవిత్రవస్తువును చెత్తలో వేయ మనసురాక, నదిలో కలిపివేసిన కట్టలెన్నియో లెక్క కందదు.

మీ యింటి కట్ట కావ్యము కాకపోవచ్చును. జాతకములు, వైద్యయోగములు, అప్పుల లెక్కలు, పూజావిధానములు, ఏవైనను ఉండవచ్చును. దానిని విప్పుటకు ముందు దాని స్వభావము తెలిసికొనవలెను. తాటియాకునో, శ్రీతాళపుటాకునో ఈనె తీసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, ఇనుప గంటముతో గీచి వ్రాసి, దీపపు మసిని నూనెతో కలిపి పైన పూసి తుడువగా, గీతలలో మాత్రము నలుపు నిలిచి అక్షరములు తేలును. అనగా ఆ అక్షరము ఆకుమీది పూత కాదు, ఆకులోని గాడి. మసి పోయినను గాడి యుండును గనుక చదువరాకున్న ఆకు చచ్చిన ఆకు కాదు. నేర్పరులు తిరిగి మసి పూసి అక్షరములను పైకి తేగలరు. ఆకు ఎండి పెళుసైన, అంచులు పట్టుకొనగానే విఱుగును. ఒకదానికొకటి అంటుకొన్నచో బలిమితో విడదీయగా పైపొర ఊడి అక్షరములు దానితోనే పోవును. గ్రంథాలయములలో మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, గంటముతో వ్రాసిన ఆకులకు నిమ్మగడ్డి నూనె పలుచగా రాయుదురు. అది ఆకును మెత్తపఱచుటయే కాక పురుగును దూరముంచును. సిరాతోనో రంగులతోనో వ్రాసిన ఆకులకు మాత్రము ఈ నూనె తగులరాదు. ఇంటివారు చేయదగినది ఇంతే: ఆకుల వరుస మార్చకుండ, ప్రాతదారము చివికినచో మెత్తని నూలుదారము మార్చి, రెండు చెక్కల నడుమ నుంచి, శుభ్రమైన నూలుబట్టలో చుట్టి, వసకొమ్ము దగ్గఱ నుంచి, గాలి యాడు చోట దాచి, లిఖిత గ్రంథాలయమువారికి చూపుట. ప్రాచీన లిఖిత ప్రతులను గుర్తించి రక్షించుటకు 2003లో కేంద్రప్రభుత్వము జాతీయస్థాయిలో ఒక ప్రత్యేక పథకమును ఆరంభించినది. ఆకులను వదలుకొనకయే వాని ఛాయాప్రతులు తీయించుకొను వీలు నేడు కలదు.

కాగితములకు ముఖ్యశత్రువులు రెండు, చినుగునకు అంటించు జిగురుటేపు, మొత్తముపై వేయు ప్లాస్టికు పొర. టేపు కొన్నేండ్లకే పసుపుబారి, దాని జిగురు కాగితములోనికి ఇంకి తీయరాని మచ్చ యగును. ప్లాస్టికు పొర వేడితో అతుకుకొనుటచే కాగితమును దానినుండి విడదీయుట దాదాపు అసాధ్యము. నిపుణులు గోధుమపిండి గంజితో, జపానువారు కాగితపు మల్బరి నారతో చేయు పలుచని కాగితమును చినుగు వెనుక అతికింతురు. నీటితో తడిపి దానిని ఎప్పుడైనను తొలగింపవచ్చును. తిరిగి తొలగించుటకు వీలుగా అతుకుట అను నియమము నేటి సంరక్షణశాస్త్రమునకు మూలస్తంభము. 1966 నవంబరు 4న ఇటలీదేశమున ఫ్లారెన్సు నగరమును ఆర్నో నది ముంచెత్తి, గ్రంథములను చిత్రములను అసంఖ్యాకముగా బురదపాలు చేసినపుడు దేశదేశముల యువకులు వచ్చి వానిని చేతులతో వెలికితీసిరి. ఆ మహాయత్నమునుండి ఈ శాస్త్రము ఎంతయో నేర్చినది. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వరద ముంచినపుడు ఎన్నియో కుటుంబముల ఆల్బములు, దస్తావేజులు బురదలో తడిసినవి. అట్టి వేళ తడిసిన కాగితములను ఎండలో వేయక, నీడన గాలికి ఆరవేయవలెను. రెండు దినములలో బూజు పట్టును గనుక అంతలో ఆర్పలేనివానిని సంచులలో నుంచి గడ్డకట్టించు పెట్టెలో (ఫ్రీజరులో) పెట్టినచో, నెమ్మదిగా ఒక్కొక్కటిగా ఆర్పుకొను వ్యవధి లభించును.

పట్టు, జరీ, రఫూ

"పాత పట్టుచీరలు కొంటాం" అను కేక విని, మాసిన చీరను చూపి నాలుగు రూకలు పుచ్చుకొను ఇల్లాలు ఆ చీర తరువాతి గతిని తలపదు. ప్రాతకాలపు జరీ యనగా సాగదీసి చదును చేసిన వెండితీగను పట్టునూలుపై చుట్టి, బంగారుపూత పూసినది. కొన్నవారు చీరను కాల్చి, బూడిదలోని వెండిని కరగించి తీసికొందురు. పడుగు పేకల నడుమ నేతగాడు కూర్చిన హంసలు, మామిడిపిందెలు, రుద్రాక్షలు ముద్దవెండి యగును. ధర్మవరము, వెంకటగిరి, గద్వాల, ఉప్పాడ నేతలలో నేడు నేయుట మానివేసిన అంచులు ఎన్నియో ఇట్లే అంతరించినవి.

పట్టు ఎక్కువగా మడతల వెంబడి చిట్లును. ఏండ్ల తరబడి ఒకే మడతలో నున్న చీర ఆ గీతలవెంట తెగును గనుక కొన్ని నెలలకొకమాఱు విప్పి, గాలికి నీడన ఆరవేసి, మడత మార్చవలెను. కలరాగోళీలు జరీకి తగులరాదు. తెల్లని మెత్తని నూలుబట్టలో చుట్టియుంచుట మేలు. చిన్న చినుగునకు రఫూ కలదు. హైదరాబాదు పాతబస్తీలో రఫూ చేయువాని పని చూచుట కన్నులపండువు. అతడు చినుగు అంచులను సరిచేసి, అదే బట్ట లోపలి మడతనుండి కొన్ని పోగులు లాగి, సూదిలో ఎక్కించి, ఒక పోగు పైనుండియు ఒక పోగు క్రిందినుండియు పోనిచ్చుచు, పడుగును పేకను తిరిగి అల్లును. నేతగాడు మగ్గముమీద చేసిన పనిని అతడు సూదిమొనతో మఱల చేయును; ముగిసిన పిదప ఆ చోటు వ్రేలికి తెలియును గాని కంటికి తెలియదు.

చీర మొత్తము జీర్ణించినపుడు అంచును, కొంగును వేఱుచేసి మనుమరాలి పరికిణీకి కుట్టించుట మన యిండ్లలో ఎప్పుడును ఉన్నదే. ఇది నాశనమని నేను తలపను. నూలుచీరలు బొంతలై, బొంతలు పసిబిడ్డల ప్రక్కలై మూడు తరములను కప్పిన దేశము మనది. ఆ చీర ఎవ్వరిదో పరికిణీ కట్టిన పిల్లకు చెప్పగలిగినంత కాలము అది జీవించియే యున్నది.

వీణ, టేకు, ఫోటో

బొబ్బిలి వీణలు తయారగు గొల్లపల్లిలో పనసమ్రానినుండి ఒకే ఖండముగా వీణను తొలుచుదురు. వీణ మూలపడినపుడు మొదట చెడునది చెక్క కాదు, మెట్లు నిలుపు మైనము. తేనెమైనము, గుగ్గిలము, నల్లపొడి కలిపి కాచి పోసిన ఆ మైనము వేసవి తాపమునకు మెత్తబడియు, ఏండ్లకు ఎండి పగిలియు, ఇరువది నాలుగు మెట్లును స్థానము తప్పును. దానిని తీసి క్రొత్త మైనము పోసి, ఒక్కొక్క మెట్టును చెవితో సరిచూచి నిలుపుటను మేళము కట్టుట యందురు. ఇది చేసినచో నలువదేండ్లు మూగగా నున్న వీణయు తిరిగి పలుకును. కాని అందముకొఱకని కుండపై దట్టముగా వార్నిషు పూయించినచో నాదము మందగించును. ఎడమచేతి వ్రేళ్ల రాపిడికి నునుపెక్కిన దండి అరుగుదలను నింపించినచో దానిని వాయించిన మామ్మగారి సాధన సర్వము తుడిచివేసినట్లగును. టేకు సామానుకును ఇదే మాట. ఉత్తరాంధ్ర, గోదావరి తీరముల యిండ్లలో బర్మాటేకు బల్లలు, బీరువాలు పెక్కు కలవు. రంగూనునకు పొట్టచేతబట్టుకొని పోయి, అచ్చట స్థిరపడి, 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా అడవులు కొండలు కాలినడకన దాటి తిరిగివచ్చిన తెలుగువారి కథ వేఱేమియు తెచ్చుకొనలేని మూటలలో చిన్న లక్కపెట్టెలుగా మిగిలినది. ఆ టేకు చెక్కను ఇసుకకాగితముతో గీచి తెల్లపఱచుట కంటె, దుమ్ము తీసి, చెదలు పట్టిన భాగమునకు మాత్రము మందు వేయించి, అవసరమైన మేరకు లక్కపాలిషు చేయించుట ఉత్తమము.

ఫోటోలలో అతిసామాన్యమైన ఆపద అద్దమునకు అంటుకొనుట. నలుపు తెలుపు చిత్రమున బొమ్మను మోయునది జెలటిన్ అను జిగురుపొర; చెమ్మ తగులగా అది ఉబ్బి అద్దమునకు అంటును. లాగితే ముఖమే ఊడివచ్చును. కావున ముందుగా అద్దముతోడనే మంచి ప్రతి తీయించి, పిమ్మట నిపుణుని సంప్రదింపవలెను. సికిందరాబాదులో 1886లో చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ కాలమునాటి చిత్రములు నేటికిని స్పష్టముగా నుండుటకు, ఆ పనివారు చిత్రమును మందులో నిలిపి, నీటితో చక్కగా కడిగిన శ్రద్ధ ఒక ముఖ్యకారణము. మన తాతల చిత్రములు పసుపుబారుటకు తొందరగా కడిగిన పని కొంత, జిగురుపుటల ఆల్బములు కొంత కారణము. నేడు కంప్యూటరు రంగులద్దు పద్ధతులు వచ్చినవి. అవి పూయు రంగులు ఊహలే. పెండ్లినాడు నాయనమ్మ కట్టిన చీర ఎఱుపో ఆకుపచ్చయో యంత్రమునకు తెలియదు. రంగుల ప్రతి చూచి ముచ్చటపడవచ్చును, కాని అంగుళమునకు 600 చుక్కల సాంద్రతతో మార్పులేని ప్రతి యొకటి తీసి వేఱుగా దాచుట మఱువరాదు. చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయవలెను. బాల్‌పెన్ను గీత ముందువైపునకు ఒత్తును.

కథకు వాటాలు లేవు

ఇంతవఱకు చెప్పిన ఉపాయములన్నియు వస్తువునకు సంబంధించినవి. ఎంత నేర్పుగా బాగుచేసినను, అది ఎవ్వరిదో చెప్పువారు లేకపోయిన మఱుసటి తరమునకు అది ఏదో యొక ప్రాతసామానుగా మిగిలి, ఇల్లు సర్దు తొలి దినముననే తూకమునకు పోవును. కావున మరమ్మతునకు ఇచ్చుటకు ముందే ప్రతి వస్తువునకును ఒక కాగితము వ్రాసి పెట్టుకొనవలెను. ఎవ్వరు చేయించిరి, ఎవ్వరు ఎవ్వరికి ఏ సందర్భమున ఇచ్చిరి, ఎవ్వరు ఎక్కువగా వాడిరి, ఎప్పుడెప్పుడు ఏ మరమ్మతు జరిగినది - ఇవి చాలును. సొట్ట యొకటి యున్నచో అది ఎట్లు పడెనో కూడ వ్రాయవలెను. ఇంటివారు ఎక్కువగా చెప్పుకొని నవ్వుకొను కథ సాధారణముగా ఆ సొట్టదే. ఇంటిలోని పెద్దలచేత ఆ వస్తువును చేతికిచ్చి మాటలాడించి, ఫోనులో వారి కంఠమును నిలుపుకొనుట ఇంకను మేలు. ఊరకే "చెప్పండి బామ్మగారూ" అనినచో ఏమి చెప్పవలెనో వారికి తోచదు. కవ్వమో, కుంకుమభరిణయో చేతిలో పెట్టినచో మాట దానంతట అదియే సాగును.

దూరదేశములలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఇది మఱింత అవసరము. విమానమెక్కు పెట్టెలో ఒక కంచుగిన్నెకో, చిన్న విగ్రహమునకో తప్ప చోటు చాలదు. చలిదేశముల యిండ్లలో వేడిగాలి వలన తేమ మిక్కిలి తగ్గి వీణలు పగులును, తాటాకులు ఇంకను పెళుసగును. అట్టివానిని స్వదేశమునందే నమ్మకమైన బంధువులయింటనో, గ్రంథాలయమునందో నిలుపుట వివేకము. వస్తువు ఎక్కడనున్నను దాని చిత్రము, దాని అక్షరముల అచ్చు, దాని కథ అందరికిని అందవచ్చును.

ఆస్తిని పంచుకొనునపుడు బిందె ఒకరి వాటాకే వచ్చును. దాని కథను మాత్రము ఎందరికి పంచినను తరుగదు. పెద్దవారు పోయిన పిదప పంపకములనాడు ఆ పాత్రలను ముందు పెట్టుకొని "ఇది ఎవరిచ్చారు?" అని ఒకరి ముఖమొకరు చూచుకొను కుటుంబములను మనమెల్లరము ఎఱుగుదుము. లోహమును సవరించుటకు కంచరివారు కలరు, వీణకు గొల్లపల్లి కలదు, ఆకులకు గ్రంథాలయములు కలవు. ఆ ప్రశ్నకు సమాధానము నిలుపు పని మాత్రము ఇంటివారిది. అడుగుటకు ఇంటిలో ఒక్క పెద్దయైనను మిగిలియున్న ప్రతి కుటుంబమును, తమ యింటిలోని యే ఒక్క వస్తువుతోనైనను సరే, ఆ పనిని ఈ వారమే ఆరంభించుగాక.